ఫోను నాన్నతో వెళ్లిపోతుంది

2020లో బడులు మూతపడ్డప్పుడు మొదటిసారి ఫోను ముందు నిలబడి పాఠం చెప్పాను. ఐదో తరగతి, భిన్నాలు. ఇరవై రెండేళ్లు నల్లబల్ల దగ్గర చెప్పినదాన్ని, ఇదెంత పనిలే అనుకున్నాను. నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పి, వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, హాయిగా టీ తాగాను.

ఆ హాయి సాయంత్రం దాకా నిలవలేదు. మా అక్క మనవడిదీ ఐదో తరగతే. వాడి ముందు ఆ వీడియో పెట్టి పక్కన కూర్చున్నాను. నాలుగో నిమిషంలో గోళ్లు కొరకడం మొదలెట్టాడు. ఏడో నిమిషంలో "చిన్నమ్మమ్మా, ఇందులో నేను చేసేదేం లేదా?" అన్నాడు.

నిజమే కదా! క్లాసులోనైతే పిల్లల మొహాలు చూసి ఆగుతాం, వెనక్కి వెళ్తాం, ఒకణ్ని లేపి అడుగుతాం. వీడియోకి కళ్లుండవు. ఎక్కడ ఆగాలో, ఏమడగాలో మనమే ముందుగా అందులో పెట్టాలి.

ఎడెక్స్ కోర్సుల వీడియోలను జనం ఎలా చూస్తున్నారో 2014లో పరిశోధకులు లెక్క తీశారు. సుమారు 69 లక్షల వీక్షణలు. వీడియో ఎంత పొడుగున్నా, సగం సందర్భాల్లో చూసింది ఆరు నిమిషాలలోపే! పెద్దవాళ్ల సంగతే ఇలా ఉంటే, పదేళ్ల పిల్లల్ని నలభై నిమిషాలు కదలకుండా కూర్చోమన్నాను నేను.

1969లో అమెరికా టీవీలో మొదలైన 'సెసమీ స్ట్రీట్' వాళ్లు చేసిన పని నాకు భలే నచ్చింది. పిల్లవాడి ముందు ఒక పక్క కార్యక్రమం, ఇంకో పక్క మారిపోతుండే బొమ్మలు పెట్టేవారు. వాడి చూపు ఎక్కడ పక్కకి పోతే అక్కడ లోపం కార్యక్రమానిదే అనుకునేవారు. పిల్లాడిది కాదు!

నా పాఠాన్ని ముక్కలు చేశాను. ఒక్కో ముక్క ఐదు నిమిషాలు, అందులో ఒకటే విషయం. మధ్యలో "ఫోను పక్కన పెట్టు, చపాతీని నాలుగు ముక్కలు చెయ్యి" అంటాను. మర్నాటి పాఠం నిన్నటి ప్రశ్నతో మొదలు, పుస్తకం చూడకుండా చెప్పాలి. ½కి ⅓ కలిపి 2/5 అని రాసినవాడికి 'తప్పు' అని ఎర్ర గుర్తు పెట్టడం మానేశాను. "2/5 సగం కంటే తక్కువ కదరా, సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గుతుందా?" అని అడుగుతున్నాను. వాడే నవ్వి దిద్దుకుంటాడు.

అంతా బాగుందనుకున్నాను. ఒక్క అమ్మాయి మాత్రం రెండు వారాలుగా జవాబు పంపలేదు. శ్రద్ధ లేదని రిజిస్టర్లో రాసేశాను కూడా. చివరికి ఓ రాత్రి ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. "టీచరమ్మా, ఫోను వాళ్ల నాన్న ఆటోతోనే పోతది. రాత్రి తొమ్మిదింటికి గానీ ఇంటికి రాదు. అప్పటికి పిల్ల పండుకుంటది."

రిజిస్టర్లో ఆ మాట కొట్టేశాను. కానీ మనసులో గీత ఇంకా ఉంది.

ఆ రోజు నుంచి నా కోర్సుకి కొత్త నియమం. ఫోను రోజుకి పది నిమిషాలే దొరికే పిల్లకి పనికిరాకపోతే అది పాఠం కాదు. వీడియో చిన్నది, ఒకసారి దింపుకుంటే నెట్ అక్కర్లేదు. అసలు పనంతా కాగితం మీదే. వారానికి సరిపడా కాగితాలు ఊళ్లో కిరాణా కొట్టులో పెట్టించాను. జవాబు ఎప్పుడైనా పంపొచ్చు.

ఇప్పుడు పిల్లలకి ఆన్‌లైన్ కోర్సు కొనే తల్లిదండ్రులకి నాదొక్కటే మాట. రంగులూ బొమ్మలూ కాదు, మొదటి ఐదు నిమిషాల్లో మీ బిడ్డ చేతికి ఏం పని ఇచ్చారో చూడండి.

ఆ తర్వాతి వారం, రాత్రి పదింటికి ఆ అమ్మాయి ఫొటో పంపింది. నోట్సులో గుండ్రటి చపాతీ, ఆరు ముక్కలు. కింద రాసింది: "ఒకటి తమ్ముడు తినేసిండు. మిగిలింది 5/6."