చిన్న ఆపరేషన్‌కీ తోడు కావాలి

శుక్లాల ఆపరేషన్ ఇప్పుడు పావుగంట, ఇరవై నిమిషాల పని. పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి కంట్లో కృత్రిమ లెన్సు అమర్చాక వైద్యం అంత దూరం వచ్చింది. అయినా "చిన్నదేగా, అబ్బాయిని తీసుకెళ్లు" అని ఏ భర్తా భార్యతో అనకూడదని నా గట్టి అభిప్రాయం. కంటిపాప పెద్దదవడానికి నర్సు మళ్లీ మళ్లీ చుక్కలు వేస్తుంటే ఆమెకు ఎదుటి మనిషి మొహం కూడా మసకబారుతుంది. చెయ్యి పట్టుకోవాల్సింది అప్పుడే. గాజులూ పుస్తెలతాడూ తీసి, రుమాల్లో మూటగట్టి, చేతికిచ్చి లోపలికెళ్తుందే, ఆ మూట పట్టుకున్నవాడికి దేవుడు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? బయట కుర్చీలో కూర్చుని ఆంజనేయ దండకమో, బైబిల్ కీర్తనో, దువానో మనసులో చదువుకోవడం చాదస్తమంటే నేనొప్పుకోను. డాక్టరు మీద నమ్మకమూ, పైవాడి మీద నమ్మకమూ ఒకే గుండెలో హాయిగా ఇముడుతాయి. అయితే ఇంటికొచ్చాక, మొక్కుకున్నంత శ్రద్ధగా మందుల వేళలూ చూడాలి: ఒక చుక్కకీ మరో చుక్కకీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, కంట్లో సబ్బునీళ్లు పడనివ్వకూడదు, ఆమె కన్ను నులుముకోకుండా కనిపెట్టుకుని ఉండాలి. తిరుపతి ప్రయాణం డాక్టరు సరేనన్నాకే పెట్టుకోవాలి.