నోరమ్ కోట వెనుక సూర్యుడు

ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ చివరి బొమ్మల ప్రస్తావన వస్తే చాలు, ముసలితనంలో చూపు మందగించి అన్నీ మసకమసకగా వేశాడనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1872లో రిచర్డ్ లీబ్‌రైష్ అనే కంటి వైద్యుడు లండన్‌లో ఉపన్యాసమిచ్చి మరీ ఈ సంగతి చెప్పాడు. కంటిలోని కటకం మసకబారడమే కారణమన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడదు. నోరమ్ కోట బొమ్మలను వరసగా చూసినవాళ్లెవరికీ మింగుడుపడకూడదు.

ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులో ట్వీడ్ నది ఒడ్డున పాడుబడ్డ కోట అది. టర్నర్ 1797లో, ఇరవై రెండేళ్ల వయసులో, మొదటిసారి అక్కడికి వెళ్లాడు. మరుసటి ఏడు రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఆ కోటను నీటిరంగుల్లో వేసి పెట్టాడు. వేసవి ఉదయం. సూర్యుడు కోట వెనుక ఉన్నాడు. కోట మాత్రం నల్లగా, బరువుగా అడ్డం నిలబడింది. వెలుగు దాన్ని చుట్టి రావలసిందే. ఆ తర్వాత కూడా టర్నర్ ఆ కోటను వదల్లేదు. 1816లో ముద్రణ చిత్రంగా, 1820లలో ఇంగ్లండ్ నదుల వరసలో మళ్లీ నీటిరంగుల్లో వేశాడు.

ఈలోగా ఆయన నూనెరంగుల పని మారిపోయింది. ఆ రోజుల్లో చాలామంది కాన్వాసుకు ముదురు పూత వేసుకుని, చీకట్లోంచి వెలుగులోకి వచ్చేవారు. టర్నర్ తెల్ల పూత ఎంచుకున్నాడు. నీటిరంగుల్లో కాగితం తెలుపే వెలుగవుతుంది. ఆ కిటుకును నూనెరంగుల్లోకి తెచ్చాడు. 1819లో చూసిన ఇటలీ ఎండ ఆ దారిలో ఆయన్ని మరింత ముందుకు నడిపింది. పసుపు పిచ్చి పట్టిందని విమర్శకులు ఎగతాళి చేసినా వెనక్కి తగ్గలేదు.

ఇక సుమారు 1845లో వేసిన 'నోరమ్ కోట, సూర్యోదయం' చూడండి. కోట పలుచని నీలం, అంతే. రాయి లేదు, గోడ లేదు. పైన లేత పసుపు సూర్యుడు. ముందు నీళ్లలో ఎర్రమట్టి రంగు ఆవు ఒకటి, కింద దాని ప్రతిబింబం. ఆ నీలం పక్కన ఉంది కాబట్టే పసుపు వెలుగుతోంది. సూర్యుడికి ఎదురుగా కోటను నిలబెట్టిన ఏర్పాటు 1798 నాటిదే. దాదాపు యాభై ఏళ్లు ఒకే చోటును పట్టుకుని, వెలుగుకు అడ్డొచ్చే బరువునంతా ఒక్కొక్కటిగా తీసేసిన మనిషి పని ఇది. కళ్లు కనపడనివాడి పని కాదు.

ఇది అసంపూర్ణ చిత్రమే, నిజం. టర్నర్ బతికుండగా దీన్ని ప్రదర్శించలేదు. సగం వేసిన బొమ్మలను ప్రదర్శనకు పంపి, తెరవబోయే ముందు గోడ మీదే పూర్తిచేసే అలవాటు ఆయనకుంది. దీనికీ పడవలూ మనుషులూ చేరి ఉండేవారేమో. కానీ ముందు ఖాయం చేసుకున్నది వెలుగునే. 1851లో ఆయన పోయాక చిత్రం దేశపరమైంది, అయినా 1906 దాకా జనం కంట పడలేదు.

బొమ్మలు నేర్పే మాస్టార్లకు ఒక మనవి. పిల్లలకు ఈ చివరి చిత్రం ఒక్కటే చూపించి ఊరుకోకండి. ముందు 1798 నాటి నల్లకోట చూపించండి, తర్వాతే ఇది.