వెనక్కి వంచిన తీగ

ఈసారి సంచిక మొత్తం కుర్చీల మీదే. డిజైన్ అనగానే మిలాన్, ప్యారిస్ గుర్తొస్తాయి గాని, మాకీ ఆలోచన తట్టింది నాగల్‌గిద్ద అనే ఊళ్లో. చాయ్ హోటల్ ముందు వెన్ను పగిలిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. పగులుకు అటూ ఇటూ కాల్చిన మేకుతో బెజ్జాలు పెట్టి, బైండింగ్ వైరుతో గోనెసంచిలా కుట్టారు. కొసలు వీపుకు గుచ్చుకోకుండా వెనక్కి వంచారు. ఆ వంపే అసలు డిజైన్ అని మా అభిప్రాయం.

వంపు మాటకొస్తే, 1859లో ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ ఆవిరితో కర్రను వంచి, ఆరు ముక్కలతో 14వ నంబరు కుర్చీ చేశాడు. విప్పితే ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో టిప్పు సుల్తానువని చెప్పే దంతపు కుర్చీలున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, కూర్చోవాలనిపించదు.

చండీగఢ్ కోసం 1950లలో ఆర్కిటెక్ట్ పియెర్ జన్నరే బృందం రూపొందించిన టేకు, కేన్ కుర్చీలది ఇంకో కథ. ఆఫీసుల్లో విరిగి, మూలన పడి, తుక్కు కింద వేలంలో పోయాయి. ఇప్పుడు విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయి. మన పడక కుర్చీలు, నవారు కుర్చీలు కూడా పాతసామాన్ల బండెక్కుతున్నాయి. మా తొందరంతా అందుకే. ఈ సంచికలో వడ్రంగులకు, వెల్డర్లకు, కేన్ అల్లేవాళ్లకే ఎక్కువ పేజీలిచ్చాం. పేరున్న డిజైనర్లు కాస్త సర్దుకుని కూర్చోక తప్పలేదు.

మీ అటక మీద అలాంటి పాత కుర్చీ ఉంటే ఫొటో తీసి పంపండి. చేసినవాళ్లెవరో తెలిస్తే ఆ పేరూ రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.