వేట విరామం వర్తకానికి నష్టమా?

మృగశిర కార్తె దగ్గరపడితే వరంగల్లు, హనుమకొండ చేపల బజార్లలో గిరాకీ ఒక్కసారిగా పెరగడం ఏటా చూస్తున్నదే. ఆ రోజు చేప తినడం తెలంగాణలో ఇంటింటి ఆనవాయితీ. జూన్ 8 ప్రాంతంలో వచ్చే ఆ కార్తెకు బంగాళాఖాతంలో వేట విరామం ఇంకా ముగియదు. కేంద్రం ఉత్తర్వుల ప్రకారం తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరబోట్ల వేట ఆగుతుంది. అంటే సరకు కావలసిన వేళకే రెండు తీరాల రాబడీ సన్నగిల్లుతుంది. విశాఖ, కాకినాడ సరకు మీద ఆధారపడిన వర్తకులు ఈ గడువును తగ్గించాలనడం, కనీసం తేదీలైనా మార్చాలనడం సహజమే. కాని ఈ కోరిక లెక్కకు నిలవదు.

2015కు ముందు ఈ విరామం 47 రోజులు. దానిని 61 రోజులకు పెంచడానికి కారణం ఉంది. అనేక రకాల చేపలు గుడ్లు పెట్టే కాలమిది. సముద్రంలోని చేప అసలు వంటిది. ఏటా పెరిగే పిల్ల వడ్డీ వంటిది. వడ్డీతో బతికే షాపు తరతరాలు నిలుస్తుంది. అసలులో చేయి పెట్టిన షాపు ఎన్నాళ్ళుంటుందో వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు.

కేరళలో కవళ్ళ సంగతే చూడండి. 2012లో అక్కడ సుమారు 3.9 లక్షల టన్నులు దొరికాయి. 2021 నాటికి అది 3,300 టన్నులకు పడిపోయింది. సముద్రపు వేడిమి, ఆహారంలో మార్పులు కొంత కారణమే. కాని ఎదగని పిల్లలను టన్నుల కొద్దీ ఊడ్చడం దెబ్బను పెంచింది. అందుకే 10 సెంటీమీటర్లకు లోపున్న కవళ్ళను పట్టరాదని అక్కడ నిబంధన ఉంది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ బంగ్లాదేశ్. మన గోదావరిలో పులసగా పేరొందిన ఇలస చేపను అక్కడ గుడ్లు పెట్టే వేళ పట్టనివ్వరు. పిల్ల చేపలపై నెలల తరబడి నిషేధం ఉంటుంది. 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2017-18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. ఓర్పుకు దక్కిన ఫలితమిది.

ఎండుచేపల బజారుతో తమకు పనిలేదని ఎనుమాముల యార్డులో మొక్కజొన్న కొనేవారు అనుకోవచ్చు. మొక్కజొన్న పోయేది కోళ్ళ దాణాకే గదా! ఆ దాణాలో సోయా చెక్కకు పోటీ సరకు చేపల పొడి. పెరూ తీరంలో 1970లో 120 లక్షల టన్నులకు పైగా నెత్తళ్ళు పట్టారు. మితిమీరిన వేటకు సముద్రపు వేడి తోడై 1973 నాటికి అందులో ఐదో వంతు కూడా దక్కలేదు. చేపల పొడి కొరతపడి సోయా ధర మండిపోయింది. ఆ ఏడు జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులను నిలిపివేయడానికి అదీ ఒక కారణమే. 2023లో పిల్ల చేపలు ఎక్కువగా ఉన్నాయని పెరూ ప్రభుత్వం మొదటి సీజను వేటనే రద్దు చేయగా, చేపల పొడి ధర మళ్ళీ గట్టిపడింది. ఎక్కడో సముద్రంలో చేప తరిగితే ఇక్కడి దాణా బజారు కదులుతుంది.

అయితే విరామం ఒక్కటే చాలదు. రెండు నెలలు ఆపి, జూన్ 15 నుంచి సన్నకన్ను వలలతో పిల్లలను దేవితే ఆపిన ఫలం దక్కదు. తప్పంతా బెస్తవారి మీద తోయడమూ న్యాయం కాదు. విరామ భారం మోస్తున్నది వారే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కాలపు సాయాన్ని 2025లో 20 వేల రూపాయలకు పెంచినా రెండు నెలల సంసారానికి అది ఏ మూలకు? పిల్ల చేపకు కాటా పెట్టి ధర కట్టేవాడున్నంత కాలం వల కన్ను పెద్దది కాదు. కొనేవాడు లేని సరకును డీజిలు ఖర్చు పెట్టి ఎవడూ తేడు.

కనుక చేయవలసింది వర్తకుల చేతిలోనే ఉంది. ఎండు సరకును పరిమాణాన్ని బట్టి గ్రేడు చేసి, పిల్లకూ పెద్దకూ ధరలో గట్టి తేడా చూపాలి. పడవలకు అడ్వాన్సులిచ్చే కమీషన్ వ్యాపారులు పెద్దకన్ను వలను షరతుగా పెట్టాలి. తాబేళ్ళను తప్పించే పరికరం వలలకు లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలకు తలుపు మూసింది. మనంతట మనం చేయని పనిని కొనేవాడు ఇలాగే చేయిస్తాడు.

ఇక మృగశిర గిరాకీకి మార్గం మన జిల్లాలోనే ఉంది. ఎండాకాలంలో నీరు తీసిన చెరువుల్లో వల వేసేది ఈ నెలల్లోనే. పాకాల మొదలు ఊరి చెరువుల దాకా మత్స్య సహకార సంఘాలతో ముందుగా ఒప్పందాలు చేసుకుని, ఐసు, రవాణా సిద్ధం చేసుకుంటే సముద్రపు సరకు లేని లోటు చాలావరకు తీరుతుంది. కొరమీను, రవ్వ, బొచ్చెలకు ఆ రోజు ధర రాకపోవడమంటూ ఉండదు.

విరామాన్ని కుదించమని అడిగే శ్రమను వర్తక సంఘాలు ఈ ఏర్పాట్ల మీద పెట్టడం మేలు. విత్తనపు గింజలను బజారుకు తెచ్చిన రైతును చూసి జాలిపడే మనం, సముద్రపు విత్తనాన్ని కిలోల లెక్కన కొనడం మానుకోవాలి.