బొగ్గులో మన పాలు

కాజీపేటనుండి ఉత్తరమునకు సాగు రైలు, సిర్పూరు కాగజ్‌నగరమును దాటి వార్ధానదిమీదుగా బల్లార్షా చేరునప్పటికి, మనము మహారాష్ట్రమున అడుగిడితిమన్న సంగతిని స్టేషను పలక చెప్పవలసినదే గాని ప్లాట్‌ఫారముపై చెవినిబడు మాట చెప్పదు. ఆ ప్రక్కనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. భూమి కడుపులో ఈ యెల్ల మొదటినుండియు లేదు. సింగరేణి బొగ్గును, చంద్రపుర జిల్లాలోని వార్ధాలోయ బొగ్గును ఒకే గోండ్వానా శిలాశ్రేణికి సంతానము. అందుచేత బల్లార్‌పూరు, సాస్తి, దుర్గాపూరు, ఘుగ్గుసు గనులలో దిగు మనిషి క్షేమమును గూర్చి తెలుగు పత్రికలో వ్రాయుట పరాయి గొడవలో తలదూర్చుట కానేరదు.

అంతకంటె దగ్గరి చుట్టరికము వేరొకటి కలదు. ఆ గనులు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థవి. దాని తల్లిసంస్థ కోల్ ఇండియా. 2010లో దాని వాటాలు ఒక్కొక్కటి 245 రూపాయల ధరకు బజారునకు వచ్చినపుడు, అమ్మజూపిన వాటికి పదునైదు రెట్లు దరఖాస్తులు వచ్చిపడినవి. "నాకు షేర్ల జోలియే లేదు" అను పెద్దమనిషియు నిశ్చింతగా నుండ వీలులేదు. ప్రభుత్వము తరువాత అందలి పెద్ద వాటాదారులలో ఎల్.ఐ.సి. యొకటి, బిడ్డ పెండ్లికని అతడు కూడబెట్టి కట్టు ప్రీమియము ఏ దారిని పోయి ఏ గనిలో తేలునో అతడెన్నడును విచారింపలేదు, అంతే.

పూర్వము గనిలో పైకప్పు చంపెడిది, పాతబాయిల నీరు చంపెడిది. 1975లో చాస్‌నాలాలో 375 మందిని, 2003లో మన గోదావరిఖనిలో 17 మందిని మ్రింగినది నీరే. ఓపెన్‌కాస్టుతో ఆ బెడద తగ్గెనను మాట నిజమే. కాని తవ్వి పోసిన మట్టిగుట్ట వాలు, వానకు నానిన గట్టు, ప్రక్కన నున్న మనిషి డ్రైవరు కంటికానని భారీ డంపరు, ఇవి కొత్త మృత్యుద్వారములు. 2016 డిసెంబరు 29న ఝార్ఖండులో కోల్ ఇండియా కుటుంబమునకే చెందిన రాజ్‌మహల్ గనిలో గుట్ట విరిగిపడి 23 మంది మరణించిరి. వారు కాంట్రాక్టరు చేతిక్రింద పనిచేయుచున్నవారు. విడిచిన గనులును ఊరక యుండవు. 2022 ఆగస్టు 26న ఘుగ్గుసులోని అమరాయి వార్డున ఒక యిల్లు యిల్లంతయు భూమిలోనికి దిగిపోయినది, క్రిందనున్నది పాతగని. ఇంటివారు ముందుగా వెలుపలికి వచ్చుటచే బ్రతికిరి.

మరణములను కొలుచు కొలబద్దలు రెండు వాడుకలో నున్నవి: పది లక్షల టన్నుల బొగ్గుకు ఇందరని యొకటి, మూడు లక్షల మాన్‌షిఫ్టులకు ఇందరని రెండవది. యంత్రము బలిసి టన్నులు పెరిగినకొలది, చచ్చువారి సంఖ్య చెక్కుచెదరకున్నను మొదటి లెక్క దానంతటదే చక్కబడును. పెట్టుబడిదారునకు ఇదియే ముద్దు. రెండవది కొంత నిజాయితీ గలది, కాంట్రాక్టు కూలీల షిఫ్టులనుగూడ ముస్టరులో సరిగా ఎక్కించినపుడు. 2022-23 నుండి, మార్కెటు విలువలో మొదటి వేయి కంపెనీలు కార్మికుల మరణములను, గాయములను ఏటేట ప్రకటింపవలెనని సెబీ విధించినది. డివిడెండు పుట తెరచు వ్రేళ్లు ఆ పుటవరకు పోవుట అరుదు. పెట్టుబడిదారుల ధర్మాగ్రహమునకు పాత ఉదాహరణము హైదరాబాదుదే: దక్కను మైనింగు కంపెనీ వాటాల వ్యవహారముపై 1888లో బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘమునే వేసినది; ఆ గోల యంతయు షేర్ల ధరను గూర్చి.

అయిన వాటాలమ్మి చేతులు కడుగుకొందమా? అమ్మినవాని మనస్సు తేలికపడును, కొన్నవాడు ప్రశ్నింపడు, గట్టు వాలు ఇంచుకయు మారదు. నాకు తోచిన దారి వేరు. ఓటు గల వాటాదారు, ముఖ్యముగా మన ప్రీమియములతో ఓటు సంపాదించిన బీమాసంస్థ, వార్షిక సమావేశమున లాభాంశమునకు చేయెత్తుటకు ముందు, ఈ యేడు కాంట్రాక్టరు మనుషులెందరు పోయిరి, వారి షిఫ్టులు లెక్కలో చేరినవా, ఏ గట్టు ఎవరి సంతకముతో అంత యెత్తు లేచినదని అడుగవలెను. అడిగితివా యని బీమాసంస్థను అడుగవలసినవాడు, వెనుక చెప్పిన, షేర్ల జోలి లేని పెద్దమనిషి.