వాయేజర్‌లో మన పలుకు

1977 అనగానే రేపల్లె, దివిసీమ పెద్దలకు నవంబరు 19 నాటి ఉప్పెనే కళ్లముందు కదులుతుంది. అదే ఏడాది ఆగస్టు 20న వాయేజర్‌-2, సెప్టెంబరు 5న వాయేజర్‌-1 వ్యోమనౌకలు భూమిని వీడాయి. వాటికి అమర్చిన బంగారు పూత రాగి రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగూ ఉంది. యురేనస్‌, నెప్ట్యూన్‌ల చెంతకు ఇప్పటిదాకా వెళ్లింది వాయేజర్‌-2 ఒక్కటే. అంటే మన మాట కూడా అక్కడిదాకా వెళ్లొచ్చింది, కాదు, ఇంకా వెళుతూనే ఉంది! 2012లో వాయేజర్‌-1, 2018లో దాని జంట సౌరగాలి హద్దు దాటాయి. వాయేజర్‌-1 సంకేతం మనల్ని చేరడానికి ఇప్పుడు దాదాపు ఒక రోజు పడుతోంది. దాన్ని పంపే శక్తి చిన్న బల్బుకు సరిపోయేంత. ప్లుటోనియం వేడితో పుట్టే కరెంటు ఏటా సుమారు 4 వాట్లు తగ్గిపోతుంటే, ఇంజనీర్లు ఒక్కో పరికరాన్నే ఆపుతూ ఆ నౌకల ప్రాణం నిలుపుతున్నారు. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

వేమూరు బడిపిల్లల్లో ఎందరు ఆ తెలుగు పలకరింపు విన్నారు? దాని నిడివి కొన్ని క్షణాలే; నాసా అందరికీ అందుబాటులో ఉంచింది. వచ్చే ఆగస్టు 20న తెనాలి-రేపల్లె రైలు మార్గం వెంట ఉన్న ప్రతి బడిలో, ప్రార్థన వేళ, దాన్ని వినిపించాలని ఉపాధ్యాయులను కోరుతున్నాం.