గృహవిజ్ఞానము: రాళ్లతోబాటు బియ్యమును పాఱవేయరాదు

ఇప్పుడు అనేక గృహములకు ఈ-మెయిలు పెట్టె యొకటి యున్నది. కళాశాలవారి జాబు, వైద్యశాలవారి పరీక్షాఫలితము, బ్యాంకు లెక్క దానిలోనికే వచ్చుచున్నవి. వానితోబాటు అడుగని ప్రకటనలును, మోసపు జాబులును వచ్చిపడుచున్నవి. వీనినే స్పామందురు. 1978వ సంవత్సరమున అమెరికాలో నొక కంప్యూటరు కంపెనీ యుద్యోగి సుమారు 400 మందికి ఒక్కమాఱే పంపిన ప్రకటన దీనికి మొదలని చెప్పుదురు.

చెత్త నాపుట గొప్ప కాదు. దానితో మంచి జాబు పోకుండుట గొప్ప. ప్రవేశపత్రము కంటబడక గడువు దాటినచో ఆ నష్టము తీఱునా? చేటలో బియ్యమేరు మనకు ఈ సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు.

1997లో పాల్ విక్సీ యను నతడు స్పాము పంపు యంత్రముల సంఖ్యలతో నొక జాబితా నేర్పఱచెను. కాని యొక్క యంత్రమునుండియే వేలమంది జాబులు పంపుకొందురు. ఒకని తప్పునకు అందఱి జాబులు నాగిపోవుట వీథిలో దొంగ యొకడున్నాడని వీథినంతయు వెలివేసినట్లు కాదా? అందుచేత 2004లో సర్బల్ అను జాబితా వేఱొక మార్గమును బట్టెను. మోసగాడు పంపు యంత్రమును దినమున కొకటి మార్చగలడు. కాని మనము పోవలసిన చోటు పేరు జాబులో వ్రాయక తీఱదు. ఆ పేరునే, అనగా డొమెయినునే, ఈ జాబితా పట్టుకొనును. 2010లో స్పామ్‌హాస్ సంస్థయు నిట్టి జాబితాను వెలువరించెను. జాబు రాగానే మెయిలు యంత్రము ఆ పేరును జాబితాకు బంపి యడుగును. పేరున్నచో 127తో మొదలగు సంఖ్య జవాబుగా వచ్చును. లేనిచో అట్టి పేరు లేదని జవాబు వచ్చును.

అయినను నిర్దోషులకు హాని కలుగకుండ నాలుగు జాగ్రత్తలు వలయును. దొంగలు చొరబడిన మంచివారి సైటును దొంగల సైటుతో సమముగ జూడరాదు. స్పామ్‌హాస్ జాబితా వీనిని వేఱుగనే గుర్తించును. ఒక్క సాక్ష్యముతో తీర్పు చెప్పక, స్పామ్ అసాసిన్ అను సాధనమువలె పలు గుర్తులకు మార్కులు వేసి కూడవలెను. దానిలో మామూలు హద్దు 5 మార్కులు. జాబును నిరాకరించినచో ద్వారముననే కారణము చెప్పి త్రిప్పి పంపవలెను. చడిచప్పుడు లేక పాఱవేసినచో పంపినవారికి దెలియదు. జాబితా సజీవముగ నున్నదో లేదో చూచుచుండవలెను. 2006లో మూతబడిన ఓఆర్‌డీబీ యను యంత్రసంఖ్యల జాబితా 2008 మార్చిలో అడిగిన ప్రతిదానిని స్పామనియే చెప్పనారంభింపగా, దానిని మఱచి వాడుచున్నవారికి మంచి జాబులన్నియు నాగిపోయెను.

ఇవి మెయిలు నడుపువారి పనులు. ఇక మన పనులు: వారమున కొకమాఱైన స్పాము అఱను దెఱచి చూడవలెను; జీమెయిలులో 30 దినములు గడచినచో అది దానంతట పోవును. మంచి జాబు కనబడినచో స్పాము కాదని గుర్తు పెట్టవలెను. పాఠశాల, వైద్యశాలల చిరునామాలను పరిచయస్థుల పట్టికలో జేర్చవలెను. మనమే కోరి తెప్పించుకొన్న జాబులు విసుగైనచో మాన్పించుకొనవలెను గాని స్పామని ఫిర్యాదు చేయరాదు. అందువలన నిర్దోషులకు చెడ్డపేరు వచ్చును. మనయింట నొక వ్రేలు తొందరపడుట, ఇంకొక యింటికి జాబందకుండుటకు గారణము కావచ్చును.